చింతగింజంత ముద్ద

మూడోసారి కూడా తాళంచెవి తిరగలేదు.

తేజ్ బహదూర్ తన కుడిచేతిని పరీక్షగా చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ చెవిని బిగించి పట్టుకున్నట్టే కనిపిస్తున్నాయి. ఆ బిగింపు కంటికి కనబడడమే కాని చేతికి తెలియడం లేదు. గేటు బయట రోడ్డు మీద ఎవరూ లేరని రూఢి చేసుకుని ఎడమచేత్తో తిప్పాడు. తాళం ఒక్క తిప్పుకే ఊడింది. కుడిచేతిని ప్యాంటు జేబులోకి తోసేసి, భుజంతో గేటును నెట్టుకుంటూ చివరిదాకా తీశాడు.

కల్లూరు ఎస్టేటు వెనకవరసలో ఉన్న ఆ బండల పాలిష్ కార్ఖానాకు ఇరవై నాలుగేళ్ళుగా అతనే కాపలా. అరవై ఒకటి నిండిన పొట్టి మనిషి. చదునైన ముఖం, నవ్వితే పూర్తిగా మూసుకుపోయే కళ్ళు, గడ్డం మీద లెక్కపెట్టగలిగినన్ని తెల్ల వెంట్రుకలు. ఒంటిమీద ఖాకీ చొక్కా, తలమీద రంగు వెలిసిన ఊలు టోపీ. శివరాత్రి పోయి కర్నూలు ఎండలు నెత్తి మాడుస్తుంటే ఈ ఊలు టోపీ ఏందప్పా అని ఎవరైనా అడిగితే, "అలవాటైపోయిండాది" అంటాడు. అతని పూర్తి పేరు తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళకు అతను గూర్ఖా, కాదంటే బహదూరన్న. బహదూర్ అంటే ధైర్యవంతుడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, ఈ ధైర్యవంతుడికి ఆస్పత్రి మెట్టెక్కడమంటే ఒళ్ళంతా వణుకు.

ఆ వణుకు ఊరికే వచ్చింది కాదు. నేపాల్ పడమటి కొండల్లో, డోటి అనే సీమలో, వాళ్ళ నాన్న పోయిన తీరు అతను పదహారేళ్ళ వయసులో దగ్గరుండి చూశాడు. మొదట చెయ్యి పోయింది. అన్నం కలుపుతుంటే మెతుకులు వేళ్ళ సందుల్లోంచి జారిపోయేవి. ఆ తర్వాత మూతి ఒక పక్కకు జారింది. బుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకుంటూ రెండు కొండలు దాటించి ఆస్పత్రికి చేర్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ బుట్ట ఖాళీగా వచ్చింది.

నెలన్నర కిందట, బూటు లేసు కట్టుకుంటుండగా, బహదూర్ కుడిచెయ్యి మొదటిసారి పరాయిదైంది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. అప్పటినుంచీ వారానికోసారి, మూడు రోజులకోసారి, ఇప్పుడు రోజూ. అది ఏమిటో అతనికి తెలుసు. ఎవరూ చెప్పనక్కర్లేదు. అతనికి కావలసింది ఇంకో పది రోజులు, అంతే. ఎల్లుండి పొద్దున రైలు. ఢిల్లీ దాకా రైలు, అక్కడినుంచి సరిహద్దు దాకా బస్సు, ఆపైన జీపు, ఆపైన ఒక పూట నడక. వచ్చే శుక్రవారం మనవరాలి అన్నప్రాసన. ఆ బిడ్డ నోట్లో మొదటి ముద్ద పెట్టాల్సింది ఇంటికి పెద్దయిన తాత. పెట్టాల్సింది కుడిచేత్తో.

చెంబుతో నీళ్ళు తెచ్చి గేటు ముందు చల్లాడు. అది కూడా ఎడమచేత్తోనే.

ఏడున్నరకు షేర్ ఆటోలోంచి విశ్వాసమ్మ దిగింది. కార్ఖానా పనివాళ్ళకు మధ్యాహ్నం వంట ఆమెది. యాభై ఎనిమిదేళ్ళ బక్కపలచని మనిషి. చంకలో రాగిపిండి సంచి, చేతిలో గోంగూర కట్టలు. ఆమె భర్త ఏసేపు ఇక్కడే బండలు కోసేవాడు. ఆ రాతిపొడే ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి ఎనిమిదేళ్ళ కిందట పోయాడు. మట్టి చేసిన నాలుగో రోజే ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది. ఆదివారం చర్చి తప్పదు, మిగతా ఆరు రోజులూ ఈ పొయ్యి తప్పదు.

ఆమె పెట్టిన టీ గ్లాసును బహదూర్ అలవాటుగా కుడిచేత్తో అందుకున్నాడు. స్టీలు గ్లాసు, పొగలు కక్కుతున్న టీ. అందరూ అంచు పట్టుకుని ఊదుకుంటుంటే అతను గ్లాసును అరచేత్తో చుట్టి పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా! చెయ్యి కాలదా నీకు?" అంది విశ్వాసమ్మ.

అతను ఉలిక్కిపడి గ్లాసు గట్టు మీద పెట్టాడు. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. కాసేపట్లో చూపుడువేలి మొదట్లో బొబ్బ లేచింది. నొప్పి మాత్రం లేదు. నొప్పి ఉంటే బాగుండునని అతను ఎంతగా అనుకున్నాడో చెప్పలేం.

"మొద్దుచెయ్యి బహినీ. తాళాలు తీసి తీసి కాయలు కాసిండాది," అన్నాడు. బహినీ అంటే అతని భాషలో చెల్లెలు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమెను అట్లాగే పిలుస్తున్నాడు.

"మాట ముద్దముద్దగా వస్తాండాది. పన్ను నొప్పా?"

"ఆఁ, పన్నే."

ఆమె నమ్మింది. లవంగం ఒకటి వెతికి తెచ్చి ఇచ్చింది. అబద్ధానికి కాళ్ళుండవంటారు కాని, అతని అబద్ధాలకు ఈ నెలలో కాళ్ళే కాదు, రెక్కలు కూడా వచ్చాయి. లవంగాన్ని నొప్పి లేని పంటి కింద పెట్టుకుని గేటు దగ్గరికి పోయాడు.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం నెల కిందటిది. చెయ్యి పోవడం మొదలైన రెండో వారంలో, అందరితో కలిసి తింటుండగా ముద్ద చేతిలోంచి జారి ఒళ్ళో పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది. ఎదురుగా కూర్చున్న పాలిష్ మిషను గిడ్డయ్య పకపకా నవ్వాడు. "సూడండప్పో, గూర్ఖా తాతకు మనవరాలు పుట్టినంక సంటిబిడ్డ మాదిరి తింటాండాడు!" అన్నాడు. గిడ్డయ్యది చెడ్డ మనసు కాదు, నోటికి తాళం లేదు, అంతే. పదిమందీ తలలెత్తి అతని చేతివైపు చూశారు. అప్పుడు బహదూర్ నోటికి ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు.

"నవ్వొద్దప్పా. మా దేశంలో ఒక ఆచారం ఉండాది. ఇంట్లో బిడ్డ పుడితే, ఆ బిడ్డ అన్నం ముట్టే దాకా తాత నలుగురి కంటబడి తినగూడదు. గోడకల్ల తిరిగి ఒక్కడే తినల్ల. ఎవురూ సూడగూడదు. ఈడ మరిసిపోయి మీతో కూచుంటి. అందుకే ముద్ద జారుతాండాది."

గిడ్డయ్య నవ్వు ఆగిపోయింది. రెండు చెంపలూ వేసుకున్నాడు. విశ్వాసమ్మ లేచి, కోసిన బండలను నిలబెట్టిన వరస వెనక నీడలో ఒక గోనెపట్టా పరిచి, "ఈడ కూచో అన్నా, ఎవురూ రారు" అంది. విషయం యజమాని అనంతయ్య చెవిన పడింది. ఆచారాలంటే ప్రాణం పెట్టే షావుకారు ఆయన. అందరినీ పిలిచి మరీ చెప్పాడు. "ఆచారమంటే అట్లుండల్ల! మా నాయన తింటాంటే ఇంట్లో ఎవురమూ పిలిచేవాళ్ళం గాదు. అన్నం కాడ కూచున్నోన్ని లేపితే మహాపాపం. వాడు తినేటప్పుడు ఎవుడన్నా అట్ల పోయినాడంటే నేనొప్పుకోను."

ఒక్క అబద్ధంతో బహదూర్‌కు నాలుగు గోడలు లేచాయి. ఆ రోజునుంచీ మధ్యాహ్నం పూట అతని వైపు ఎవరూ తల తిప్పలేదు.

ఈ అబద్ధం విశ్వాసమ్మకు చెప్పినందుకే అతనికి ఎక్కువ బాధ. ఇరవై నాలుగేళ్ళ కిందట ఇక్కడికి వచ్చిన మొదటి రోజు, ఇదే పొయ్యి దగ్గర, ఆమె అన్నం వడ్డించి పళ్ళెం అందిస్తే అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజుది అబద్ధపు ఆచారం కాదు, నిజమైనదే. వాళ్ళ కొండల్లో ఉడికిన అన్నం ఎవరి చేతినుంచి పడితే వాళ్ళ చేతినుంచి తీసుకోరు. పొయ్యి ఎవరిది, వండింది ఎవరు అని చూస్తారు. ఎంగిలిని వాళ్ళు జూఠో అంటారు. దానికి ఎన్ని లెక్కలో! అతను చేతులు వెనక్కి తీసుకోవడం చూడగానే ఆమెకు అర్థమైంది. అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? చిన్నప్పుడు ఆమె ఊళ్ళో, కోతల రోజుల్లో, దోసిలి పడితే అంబలి పైనుంచి ఎత్తి పోసేవాళ్ళు. గిన్నె తగలకుండా. ఆమె తిట్టలేదు, అలగలేదు. పళ్ళెం గట్టు మీద పెట్టి, "తింటే తిను, లేకుంటే ల్యా. పళ్ళెం మాత్రం నీదే" అని వెళ్ళిపోయింది.

రెండు రోజులు అతను అటుకులు నానబెట్టుకుని తిన్నాడు. మూడో రోజు ఆమె రాగి సంగటి గెలికింది. తెడ్డుతో గిన్నె అంచుకు కొట్టి తిప్పుతుంటే ఆ వాసన గేటు దాకా వచ్చింది. అతను కుర్చీలోంచి లేచి వాసన వెంట నడిచొచ్చాడు. నల్లగా, ఆవిరి కక్కుతూ ముద్ద. వాళ్ళ అమ్మ కొండమీద అదే రాగిపిండితో, అదే తీరుగా గెలికేది. వాళ్ళు ఢిఁడో అంటారు. పేరొక్కటే తేడా. వేళ్ళతో చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులోకి పప్పు నింపి, నమలకుండా మింగడం కూడా అదే.

"బహినీ, నాగ్గూడ," అని ఆ రోజు చెయ్యి చాపాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. పొగకు అనుకోమన్నట్టు నిలబడ్డాడు. విశ్వాసమ్మ ఆ పళ్ళెమే తెచ్చి ముద్ద పెట్టింది. తర్వాత దాని అంచు మీద సుత్తీ మేకుతో చుక్కలు కొట్టించి అతని పేరు రాయించింది. తన పళ్ళెంలో ఇంకెవరూ తినకూడదని ఆ కొండమనిషికి పట్టింపు ఉంటే ఉండనీ అని. ఆ పట్టింపు ఆర్నెల్లలోనే పోయింది. పళ్ళెం మాత్రం నేటికీ ఉంది.

తొమ్మిదిన్నరకు అనంతయ్య స్కూటర్ గేట్లోకి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుగా రోజూ చేసినట్టే బహదూర్ మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. కుడిచెయ్యి ఛాతీదాకా లేచి ఆగింది. దాన్ని అక్కడే వదిలేసి ఎడమచెయ్యి ఎత్తాడు.

"ఏమప్పా బహదూర్, ఎడమచేత్తో సలామా! ఊరికి పొయ్యే సంబరంలో చేతులు గూడ మార్చుకుంటివా?"

"భుజం పట్టేసిండాది సావుకారీ."

"రైల్లో ఆ పెట్టె ఎట్ల మోస్తావప్పా! సాయంత్రం మావోని బండెక్కి డాక్టరు కాడికి పోయిరా."

"వొద్దు సావుకారీ, నొప్పి మందు రాసుకుంటా. రేపటికి సర్దుకుంటాది."

అనంతయ్య రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మా ఇంటామె రాజ్యలక్ష్మి నీ మనవరాలికి గౌను తెచ్చిండాది. ఎర్రది. సాయంత్రం మావోడు కళ్యాణ్‌తో పంపిస్తా" అన్నాడు. బహదూర్ కళ్ళు మూసుకుపోయేలా నవ్వాడు. మూతిలో కుడివైపు మాత్రం నవ్వలేదు. షావుకారు అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.

మిషన్లు మొదలయ్యాయి. బండ మీద పాలిష్ రాయి తిరిగే రొద, దానికింద తెల్లటి బురదనీళ్ళు. గాలిలో సన్నటి పొడి. బహదూర్ గేటు పక్క కుర్చీలో కూర్చుని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో వేలూవేలూ లాగుతూ తోముతున్నాడు. ఈ చేతితో అతను, ఇక్కడికి రాకముందు కాసిన గేట్లతో కలిపి, ముప్పైఐదేళ్ళు తాళాలు తీశాడు, లాఠీ తిప్పాడు, సలాములు కొట్టాడు. కన్నబిడ్డల నోట్లో మొదటి ముద్ద పెట్టడం ఒక్కటే చెయ్యలేదు. పెద్దవాడి అన్నప్రాసనకు సెలవు దొరకలేదు. రెండోదానికి అంతే. మూడోవాడికి సెలవు దొరికింది కాని కొండ విరిగి దారిమీద పడి, ఇల్లు చేరేసరికి నాలుగు రోజులు ఆలస్యమైంది. ముగ్గురికీ తమ్ముడే పెట్టాడు. ఏ చెయ్యి మొదటి ముద్ద పెడితే బిడ్డకు ఆ చేతి గుణం వస్తుందని వాళ్ళ ఊళ్ళో అంటారు. వచ్చిందో లేదో కాని, ముగ్గురూ నేటికీ బాబాయి మాటే వింటారు. తండ్రి అంటే వాళ్ళకు నెలనెలా ఫోన్లో వినబడే గొంతు.

పదకొండు గంటలకు ఆ ఫోను మోగింది. పెద్దకొడుకు ఖగేంద్ర. నాన్నను వాళ్ళు బా అంటారు.

"బా, సామాను సర్దుకున్నావా?"

"ఎప్పుడో సర్దాను. చిన్నది ఏం చేస్తోంది?"

"ఏడుస్తోంది. విను." ఫోను బిడ్డ దగ్గర పెట్టినట్టున్నాడు. ఏడుపు కాదు, కోపంగా ఏదో చెబుతున్నట్టు ఒక సన్నటి గొంతు. బహదూర్ ఫోన్ను చెవికి అదుముకున్నాడు.

"బా, బజారులో వెండి చెంచాలు వచ్చాయి. ఇప్పుడందరూ దాంతోనే పెడుతున్నారు. తెచ్చేదా?"

"వద్దు."

"నీ గొంతేంటి అట్లా ఉంది?"

"పన్ను నొప్పి. చెంచా వద్దు, ఖగే. చేత్తో పెడతాను."

ఫోను పెట్టేశాక కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. బొబ్బ పగిలి నీరు కారుతోంది.

పన్నెండున్నరకు మిషన్లు ఆగాయి. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో కొళాయి చప్పుడు పెద్దగా వినిపించింది. బహదూర్ బూట్లు విప్పి, మోచేతుల దాకా కడుక్కుని, నోరు పుక్కిలించి ఉమ్మాడు. నీళ్ళు సగం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారాయి. తుడుచుకుని పళ్ళెం పట్టాడు. విశ్వాసమ్మ సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి గోంగూర పప్పు పోసింది. పక్కన ఊరుబిండి పచ్చడి, ఎర్రగడ్డ ముక్క.

"ఇంగ రెండు దినాలే గదన్నా ఈ గోడ తిండి," అంది. "మనవరాలికి ముద్ద పెట్టేసి రా. వచ్చినంక మల్ల మాతో కూచో. నువ్వట్ల ఒక్కనివే తింటాంటే నాకు ముద్ద దిగేల్యా."

బహదూర్ కదల్లేదు. పళ్ళెం ఎడమచేతిలో ఉంది. "బహినీ," అన్నాడు.

"ఏమన్నా?"

చెప్పేస్తే? ఆమె గంట కొట్టినట్టు కేకేస్తుంది. షావుకారు వస్తాడు, ఆటో వస్తుంది. మంచం, సీసా, సూది. ఎల్లుండి రైలు పోతుంది. శుక్రవారం పోతుంది. తమ్ముడు చేతులు కడుక్కుని పీట మీద కూర్చుంటాడు. పది రోజులు. అందులో రెండే రోజులు ఈమె దగ్గర దాచిపెడితే చాలు, తిరిగొచ్చాక కాళ్ళమీద పడి చెప్పొచ్చు.

"పప్పు శానా బాగుండాది," అన్నాడు.

"తినకనే తెలిసిందా!" అని ఆమె నవ్వింది.

బండల వరస వెనక గోనెపట్టా మీద, అవతలి వరస రాళ్ళకు ఎదురుగా, అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. మొదట కొంచెం సంగటి తుంచి పెద్దల కోసం పళ్ళెం పక్కన నేలమీద పెట్టాడు. అమ్మ చేసేది, నాన్న చేసేవాడు. పోయినవాళ్ళు ముందు తినాలి. తర్వాత కుడిచేతిని ముద్దలోకి దించాడు. వేడి తెలియలేదు. "రా," అని తన భాషలో, దూడను పిలిచినట్టు దాన్ని మెల్లగా పిలిచాడు. "రా, ఇట్రా."

ఈ నెలరోజులుగా అతను ఇక్కడ తిన్నది తక్కువ, సాధన చేసింది ఎక్కువ. ఐదునెలల పిల్ల నోరు ఎంత ఉంటుంది? అందులో పట్టే ముద్ద ఎంత ఉండాలి? వక్కంత అయితే పొలమారుతుంది. చింతగింజంత కావాలి. దాన్ని మూడు వేళ్ళ కొసలతో పట్టి, జారకుండా, వణకకుండా, బిడ్డ పెదవుల దాకా తీసుకుపోవాలి. నిన్న ఇరవైసార్లు చేస్తే ఒక్కటీ నిలవలేదు.

మొదటి ముద్ద వేళ్ళ మధ్య చిదిమిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి గుండ్రంగా వచ్చింది. పళ్ళెం అంచున పెట్టాడు. రెండోది కూడా నిలిచింది. మూడోది చుడుతుండగా వేళ్ళకు చురుక్కుమంది. వేడి! పగిలిన బొబ్బకు గోంగూర పులుపు తగిలి మంట! అతనికి ఎంత సంతోషం కలిగిందంటే గట్టిగా అరవాలనిపించింది. చెయ్యి తిరిగొచ్చింది. తనదే, ముప్పైఐదేళ్ళు సలాము కొట్టిన చెయ్యే. ముద్దను వేళ్ళకొసల మీద నిలబెట్టి, ఎదురుగా నేలమీదినుంచి జానెడు ఎత్తుకు, తల్లి ఒళ్ళో కూర్చున్న బిడ్డ నోరు ఉండే చోటికి తీసుకుపోయాడు. వణకలేదు. "తిను, నానీ," అన్నాడు. అలాగే కాసేపు పట్టుకుని, దాన్ని మిగతా రెండింటి పక్కన దించాడు.

అప్పుడు ఏదో లోపల సన్నగా తెగింది. నొప్పి లేదు. కుడివైపంతా నీళ్ళల్లో దిగినట్టు బరువెక్కింది. చెయ్యి పళ్ళెం పక్కన పడి ఉంది, అతను దాన్ని చూస్తున్నాడు. బహినీ అని పిలవాలనుకున్నాడు. నోరు తెరుచుకుంది, గాలి మాత్రం వచ్చింది. వెనక పదిహేను అడుగుల దూరంలో గిడ్డయ్య ఎవరినో నీళ్ళు అడుగుతున్నాడు. దాని మీద విశ్వాసమ్మ గొంతు స్పష్టంగా వినబడింది.

"అట్ల పోవాకు గిడ్డయ్యా, ఇట్ల తిరుక్కోని రా. అన్న తింటాండాడు."

అతను ఆ మాట విన్నాడు. తర్వాత మెల్లగా ముందుకు వంగి నుదురు బండకు ఆనించాడు. నీడపట్టున ఉన్న బండ చల్లగా ఉంది.

ఒంటిగంటకు అందరూ తినడం అయిపోయింది. గిడ్డయ్య బీడీ వెలిగించి, బండల వరసకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒకటింబావుకు గేటు దగ్గర లారీ హారన్ మోగింది. బేతంచెర్ల నుంచి రాయి దిగింది. డ్రైవరు హనుమేష్ ఆపకుండా కొడుతుంటే విశ్వాసమ్మ చీపురు పట్టుకునే పరుగెత్తింది. "ఆపు నాయనా! గూర్ఖా అన్నం కాడ ఉండాడు. నువ్వు మోగించి లేపుతావా యేంది!" గిడ్డయ్య పోయి గేటు తీశాడు. ఆఫీసు గదిలోంచి అనంతయ్య తల బయటపెట్టి, "వాన్ని పిలవాకండి, తినన్యండి" అన్నాడు.

ఒకటిన్నరకు విశ్వాసమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుపోయింది. బండల వరస చివర తల పూర్తిగా పక్కకు తిప్పుకుని, కాళ్ళతో తడుముకుంటూ నాలుగడుగులు వేసి, అతని వెనక చెంబు దించింది. "అన్నా, నీళ్ళు పెట్టినా," అంది. జవాబు రాలేదు. తినేటప్పుడు అతను ఎప్పుడూ మాట్లాడడు. తల తిప్పకుండానే వెనక్కి వచ్చేసింది.

రెండయింది. మిషన్ల రొదలో అంట్లన్నీ అయిపోయాయి, ఒక్క పళ్ళెం రావలసి ఉంది. నీడ జరిగి ఎండ అతని వీపు మీదికి ఎక్కింది. బండల సందులోంచి ఖాకీ చొక్కా ముక్క, ఊలు టోపీ కనబడుతున్నాయి. అంత ఎండలో మనిషి జరగలేదేమని ఆమెకు మొదటిసారి అనిపించింది. ఊరికి పోయే మనిషి, బిడ్డను తలుచుకుంటున్నాడేమో అని సర్దిచెప్పుకుంది. పొయ్యిలో బూడిద ఎత్తింది. మళ్ళీ చూసింది. టోపీ అదే చోట ఉంది. వీపు మీద ఈగలు.

పోయి చూస్తే, పెట్టిన చెంబు పెట్టినట్టే ఉంది. నీళ్ళు నిండుగా ఉన్నాయి.

అప్పుడు తల తిప్పి చూసింది.

అరిచిన అరుపుకు మిషన్లు ఆగిపోయాయి. అంబులెన్సు వచ్చేసరికి మూడు. అందులోని మనిషి మణికట్టు పట్టి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, "ఎప్పుడు పడిపోయినాడు?" అని అడిగాడు. "శానాసేపయింది. ఎవురూ సూడల్యా?" అన్నాడు మళ్ళీ. గిడ్డయ్య నేల చూస్తూ, "సూడగూడదని సూడల్యా సార్" అన్నాడు.

ఎర్రగౌను పట్టుకుని కళ్యాణ్ వచ్చింది అప్పుడే. తండ్రి సైగ చేస్తే ఆ పొట్లం స్కూటర్ సీటు మీద పెట్టి, బహదూర్ ఫోను తీసుకుని, ఖగేంద్రకు హిందీలో మెల్లగా విషయం చెప్పాడు. అవతల ఏడుపు బయటికి వినబడింది. విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఆ అబ్బిని ఒక మాట అడుగు. మీ దేశంలో బిడ్డ పుడితే తాత గోడకల్ల తిరిగి తినల్లంట గదా, ఎవురూ సూడగూడదంట గదా. అది నిజమేనా అని అడుగు."

"ఇప్పుడెందుకమ్మా అది?"

"అడుగు నాయనా."

కళ్యాణ్ అడిగాడు. అవతలి మనిషికి ప్రశ్న అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. జవాబు విని కళ్యాణ్ ఫోను చెవినుంచి తీశాడు.

"అట్లాంటి ఆచారమేదీ వాళ్ళలో లేదంటమ్మా. తాత అందరి నడుమ కూర్చునే తింటాడంట."

విశ్వాసమ్మ బండల వరస వైపు తిరిగింది. ఎడమచేత్తో సలాము, కందిన అరచెయ్యి, ముద్దముద్దగా మాట, ఒళ్ళో జారిన ముద్ద, అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆమె ముందుకు వచ్చాయి. ఒకప్పుడు తన చేతి అన్నాన్ని వద్దన్న మనిషి అలవాటుకు మర్యాద ఇవ్వాలని, ఆమె నెలరోజులుగా కాపలా కాసింది. కాపలావాడికే కాపలా కాసింది. "ఒక్క మాట సెప్పింటే అన్నా," అంది. "నేను నీకు తినిపిచ్చేదాన్ని గదా."

శవాన్ని తీసుకుపోయారు. సాయంత్రం కార్ఖానా ఖాళీ అయ్యాక ఆమె అంట్ల బుట్టతో బండల వరస వెనకకు పోయింది. కడుగుదామని పళ్ళెం ఎత్తబోయి ఆగిపోయింది. పెద్ద ముద్ద దాదాపు పెట్టినట్టే ఉంది. చెక్కిన పేరు పక్కన, పళ్ళెం అంచున, వరసగా మూడు చిన్న ముద్దలు ఉన్నాయి. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషికి అవి ఎవరి నోటికో ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె బుట్ట దించి గోనెపట్టా మీద, అతను కూర్చున్న చోటనే కూర్చుంది. పళ్ళెం కడగలేదు.

చింతగింజంత ముద్దలు మూడూ ఎండకు గట్టిపడ్డాయి, మూడోదాని మీద బొటనవేలి గుర్తు అచ్చుగా అట్లాగే ఉంది.